రెండో స్లాట్ ఖాళీగానే ఉండిపోయింది

ప్రశ్న: మాది కోనసీమలో ఒక మండల కేంద్రం. 9 ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను. కెమెరా నికాన్ డీ750. వారం కిందట ఒక పెళ్లికి ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన కొత్త 128 జీబీ కార్డు వేసి, రా ఫైళ్లుగా (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే పెద్ద ఫైళ్లు) మాత్రమే తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెడితే మొదటి వెయ్యి ఫొటోలు బాగానే ఉన్నాయి. తలంబ్రాల దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఫైళ్ల పేర్లు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ తెరుచుకోవడం లేదు. తీసేటప్పుడు కెమెరా వెనక అన్నీ చూశాను, బాగానే వచ్చాయి. రెండో స్లాట్‌లో పాత 64 జీబీ కార్డు ఉంది, అందులో ఏమీ లేదు. పెళ్లివారికి ఇంకా చెప్పలేదు. వాళ్ల నంబరు ఫోన్‌లో కనిపిస్తే గుండె దడ. ఫొటోలు తిరిగొస్తాయా? వాళ్లకి ఏం చెప్పాలి? ఫైనాన్స్‌లో 2 లక్షల మిర్రర్‌లెస్ కెమెరా తీసుకుంటే మళ్లీ ఇలా జరగదా? పైగా రా ఫైళ్లన్నీ ఇమ్మని అడుగుతున్నారు, ఇవ్వాలా? (పేరు వేయవద్దు.)

జవాబు: ముందు ఆ కార్డు కెమెరాలోంచి, కంప్యూటర్‌లోంచి తీసేయండి. దాని ఎడమ అంచున గోరుతో జరిపే చిన్న ప్లాస్టిక్ బుడిపె ఉంటుంది. దాన్ని లాక్ వైపు కిందికి దించి, కార్డును విడిగా ఒక కవర్లో వేసి పైన తేదీ రాయండి. ఇకనుంచి దాని మీద కొత్తగా ఒక్క అక్షరం కూడా పడకూడదు. 'ఫార్మాట్ చేయమంటారా' అని కంప్యూటర్ అడిగితే వద్దనండి. 'రిపేర్ చేయమంటారా' అన్నా వద్దనే అనండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపేసినవి రెండు మాటలు. ఒకటి 'చవగ్గా', రెండోది 'మొదటి వెయ్యి'. డీ750లో ఒక రా ఫైలు దాదాపు 30 ఎంబీ ఉంటుంది. వెయ్యి ఫైళ్లంటే సుమారు 30 జీబీ. 32 జీబీ కార్డులో మనకు నిజంగా దొరికే చోటు కూడా అంతే. అంటే మీ 128 జీబీ కార్డు లోపల 32 జీబీ చిప్పే ఉండి ఉండొచ్చు. దొంగ కార్డుల కథ ఇలాగే ఉంటుంది. పైన స్టిక్కర్ మీద 128, లోపలి ప్రోగ్రాం కూడా కెమెరా అడిగితే 128 అనే చెబుతుంది. అసలు చోటు నిండిపోయాక వచ్చిన ఫొటోలను అది తీసుకున్నట్టు నటిస్తుంది, రాసుకోదు. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది కాబట్టి పేర్లు మిగులుతాయి. కెమెరా వెనక కనిపించాయి కదా అంటారా? క్లిక్ కొట్టిన వెంటనే తెర మీద వచ్చే బొమ్మ కెమెరా సొంత మెమరీలోంచి వస్తుంది. కార్డులోకి చేరిందా లేదా అన్నదానికి అది సాక్ష్యం కాదు.

నా అనుమానం నిజమైతే ఆ ఫొటోలు తిరిగి రావు. పోయినవాటిని వెతికి తేవచ్చు, అసలు రాయనివాటిని ఎక్కణ్నుంచి తెస్తాం? అయినా కార్డు మామూలుగా పాడై ఉండే అవకాశం కూడా ఉంది. అందుకని ఒక ప్రయత్నం తప్పకుండా చేయాలి, కానీ వరస తప్పకుండా.

మొదటి పని, కార్డు మొత్తానికి ఒక ఇమేజ్ తీయడం. ఇది ఫైళ్లు కాపీ చేయడం లాంటిది కాదు. మొదటి బిట్ నుంచి చివరి బిట్ దాకా కార్డంతా ఒకే పెద్ద ఫైలుగా హార్డ్ డిస్క్‌లోకి దిగుతుంది. విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్ అనే ఉచిత ప్రోగ్రాంలో 'రీడ్' బటన్ చేసేది ఇదే. జాగ్రత్త, పక్కనే ఉన్న 'రైట్' నొక్కారో, ఉన్న వెయ్యీ పోతాయి. కార్డు చదవడానికి మొరాయిస్తుంటే లైనక్స్ తెలిసిన కుర్రాడి చేత డీడీరెస్క్యూతో తీయించండి. అది చదవగలిగిన చోట్లన్నీ ముందు లాగేసి, కష్టమైన చోట్లకు తర్వాత తిరిగొస్తుంది.

ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ నడపండి, పోయిన ఫైళ్లను వెతికి తెచ్చే ప్రోగ్రాం అది. పైసా ఖర్చు లేదు, టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రాంతో కలిపి వస్తుంది. నల్ల తెర మీద ఇంగ్లీషు అక్షరాలు చూసి కంగారు పడేవాళ్లకు క్యూఫొటోరెక్ అని మౌస్‌తో నొక్కే రూపం కూడా అందులోనే ఉంది. అది ఫైళ్ల పేర్ల పట్టికను పట్టించుకోదు. ప్రతి రకం ఫైలు మొదట్లో ఉండే గుర్తులను బట్టి ఏరుకుంటూ పోతుంది. ఒక్కో కంపెనీ రా ఫైలుకు ఒక్కో పేరు, నికాన్ ఎన్‌ఈఎఫ్, కానన్ సీఆర్2, సోనీ ఏఆర్‌డబ్ల్యూ, అన్నీ దానికి తెలుసు. పాత పేర్లు మాత్రం రావు. తీసిన టైము ఫైలు లోపలే ఉంటుంది కాబట్టి తర్వాత వరసలో పెట్టుకోవచ్చు. దొరికినవాటిని వేరే డిస్క్‌లోకి దింపండి, అదే కార్డులోకి ఎప్పుడూ కాదు.

కార్డు పెట్టినా కంప్యూటర్ గుర్తుపట్టకపోతే, లేదా సైజు సున్నా అని చూపిస్తే, ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు. చిప్‌ను నేరుగా చదివే ల్యాబ్‌లు పెద్ద ఊళ్లలో ఉంటాయి. వేలల్లో అవుతుంది, గ్యారంటీ ఉండదు. మీ కార్డు ఆ రకంలా లేదు.

ఇదంతా అయ్యాకే కార్డు దొంగదో అసలుదో పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లైనక్స్‌లో ఎఫ్3 ఆ పని చేస్తాయి. ఇవి కార్డు నిండా ఏదో రాసి, రాసింది రాసినట్టు తిరిగి చదవగలిగాయా లేదా చూస్తాయి. రాస్తాయన్నాను కదా, అందుకే చివర్లో. మీలాంటి కేసులోనే ఒకాయన ముందు పరీక్ష పెట్టి తర్వాత రికవరీకి కూర్చున్నారు. మిగిలి ఉన్నదేమైనా ఉంటే అదీ పోయింది.

ఇక పెళ్లివారి సంగతి. వారం గడిచిపోయింది, ఇంకొక్క రోజు కూడా వద్దు.

నాకు అనుభవం ఉంది కాబట్టే అంటున్నాను. 2011లో తెల్లవారుజామున పెళ్లి నుంచి వచ్చి, నిద్రమత్తులో ఫొటోలు కార్డులోంచి కాపీ చేయకుండా కట్ కొట్టి పేస్ట్ చేశాను. సగంలో కరెంటు పోయింది. మా యూపీఎస్ బ్యాటరీ చచ్చి అప్పటికి ఆర్నెల్లు. 41 ఫొటోలు అటూ లేవు, ఇటూ లేవు. అన్నీ స్నాతకంవే. పోతే పోయాయిలే, ఎవరు చూస్తారని సరిపెట్టుకుని 20 రోజులు ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చాను. ఆల్బమ్ చూసి మొదట అడిగింది పెళ్లికొడుకు అమ్మమ్మ. ఆవిడ ఉన్న ఫొటోలు ఆ 41లోనే ఉన్నాయట. ఆ ఇంట్లో తర్వాత రెండు పెళ్లిళ్లు జరిగాయి. నన్ను పిలవలేదు. నేనైనా పిలవను.

ఫోన్‌లో చెప్పకండి. ఇంటికి వెళ్లండి. పెళ్లికూతురి నాన్నగారిని పక్కకు పిలిచి గుసగుసగా కాదు, ఆ అమ్మాయి కూడా ఉండగా చెప్పండి. పెళ్లి ఆవిడది. ముందు పోయిందేమిటో చెప్పండి. 'తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా నా కార్డులో ఫొటోలు పాడయ్యాయండీ, తప్పు నాది.' తర్వాత దక్కిందేమిటో చెప్పండి. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ మీ దగ్గర భద్రంగా ఉన్నాయి, అది చిన్న విషయం కాదు. కార్డు కంపెనీ మోసం, ఆన్‌లైన్ వాడి మోసం అంటూ మొదలుపెట్టకండి. కార్డు కొన్నది మీరే కదా.

వెళ్లే ముందు చేతిలో కొంత సరుకు ఉండాలి. వీడియో యూనిట్ వేరే వాళ్లదైతే ఇవాళే వాళ్లకు ఫోన్ చేసి, ఫుటేజీ ఏదీ చెరపవద్దని చెప్పండి. 4కేలో తీసి ఉంటే ఒక్కో ఫ్రేము 3840 పిక్సెళ్ల వెడల్పు, 2160 ఎత్తు, అంటే 80 లక్షల పిక్సెళ్లకు పైనే. అంగుళానికి 300 చుక్కల లెక్కన 12.8 అంగుళాల వెడల్పు, 7.2 అంగుళాల ఎత్తు ప్రింటుకు నిక్షేపంగా సరిపోతుంది. 12×36 ఆల్బమ్ షీటులో మూడో వంతు వెడల్పు వచ్చేసినట్టే. ఫుల్ హెచ్‌డీ అయితే 6.4 అంగుళాల దగ్గర ఆగుతుంది, కొలాజ్‌లోకి పనికొస్తుంది. చిక్కేమిటంటే వీడియోవాళ్లు షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు దగ్గర ఉంచుతారు. చేతులు పైకి లేచి బియ్యం జారుతున్న ఫ్రేము అలికినట్టే ఉంటుంది. చేయి అలా పైకెళ్లి క్షణం ఆగినప్పుడు, ఇద్దరూ నవ్వుతూ తల వంచినప్పుడు, అలాంటి ఫ్రేములు ఏరండి. ఓపిక పట్టి ఒక్కో ఫ్రేము జరుపుతూ చూస్తే తలంబ్రాల్లోంచే పాతిక మంచివి దొరుకుతాయి.

లైవ్ పెట్టారా అని అడగండి. డల్లాస్‌లోనో సిడ్నీలోనో చుట్టాలున్న ఇంట్లో ఈ రోజుల్లో లైవ్ లేకుండా పెళ్లి అవుతోందా? 12 గంటల లోపు లైవ్‌ను యూట్యూబ్ దానంతట అదే ఛానెల్‌లో దాచి ఉంచుతుంది. లైవ్ నడిపిన కుర్రాడు తన ల్యాప్‌టాప్‌లో కూడా రికార్డింగ్ ఆన్ చేసి ఉంటే అది ఇంకా స్పష్టంగా ఉండొచ్చు. స్నేహితుల ఫోన్లలో ఉన్నవి కూడా రాబట్టండి, కానీ వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించి నాణ్యత తగ్గించి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదా ఒక డ్రైవ్ లింకు చేసి గ్రూపులో పడేయండి.

పదహార్రోజుల పండగ ఇంకా కాలేదు కదా. అది మీరు ఉచితంగా, మీ కుర్రాళ్లందరితో వెళ్లి, పెళ్లంత శ్రద్ధగా తీస్తానని చెప్పండి. తలంబ్రాలు మళ్లీ పోయించి తీద్దామని మాత్రం అనకండి. కొందరు అలా చేస్తారు, ఆ ఫొటోల్లో మొహాలు చూడండి, తెలిసిపోతుంది.

డబ్బు విషయం: బ్యాలెన్స్ మొత్తం వదిలేస్తానని మీరుగా అనకండి, మొత్తం ఇవ్వాల్సిందేననీ అనకండి. పెళ్లిలో ఎంత భాగం పోయిందో అంత భాగం తగ్గిస్తానని చెప్పి, చివరి మాట వాళ్లకు వదిలేయండి. డబ్బు తీసుకుని చేసే ఫొటోగ్రఫీ వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం సేవ కిందికే వస్తుంది. వాళ్లు జిల్లా కమిషన్‌కు వెళ్లగలరు. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, దాచడం వల్ల మీ పరిస్థితి ఇంకా ఇబ్బందిలో పడుతుందని చెప్పడానికి. ఏం ఒప్పుకున్నారో అదే రోజు వాట్సాప్‌లో రాసి పంపండి.

కొత్త కెమెరా మాటకొస్తే, వద్దు. ఈ ఉత్తరంలో నాకు కాస్త కోపం వచ్చిన చోటు ఇదే. మీ చేతిలో ఉన్న డీ750కి రెండు ఎస్‌డీ స్లాట్లున్నాయి. 2014లో వచ్చిన కెమెరా అది, అప్పుడే ఆ సౌకర్యం ఇచ్చారు. షూటింగ్ మెనూలో స్లాట్ 2లోని కార్డు ఏం పని చేయాలో అడిగే వరస ఒకటి ఉంటుంది. ఓవర్‌ఫ్లో, బ్యాకప్, రా ఒకదానిలో జేపెగ్ ఇంకోదానిలో, ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. మీది ఓవర్‌ఫ్లోలో ఉండి ఉంటుంది. అంటే మొదటి కార్డు నిండితేనే రెండోది పనిలోకి దిగుతుంది. మొదటిదేమో నిండలేదని అబద్ధం చెబుతూ కూర్చుంది. రెండోది పక్కనే, పెళ్లంతా, ఖాళీగా.

బ్యాకప్‌లో పెట్టండి. ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది. కార్డులు రెండూ ఒకే సైజువి కొనండి, 64 జీబీ అయితే రాలో సుమారు 2,000 వస్తాయి. అంత ఖర్చు ఇప్పుడే పెట్టలేమంటే రెండో స్లాట్‌లో జేపెగ్ పడేలా పెట్టండి. పెద్ద సైజు, ఫైన్ క్వాలిటీ జేపెగ్‌తో ఆల్బమ్ హాయిగా వస్తుంది. ఈ మార్పుకు మీకయ్యే ఖర్చు రెండు కార్డులు, అర నిమిషం. అప్పు చేసి తెచ్చిన 2 లక్షల కెమెరాలో అదే దొంగ కార్డు వేసి, ఓవర్‌ఫ్లోలో వదిలేస్తే జరిగేది ఇదే. అసలు మిర్రర్‌లెస్‌లలో కూడా ఒకే స్లాట్ ఉన్నవి చాలా ఉన్నాయి. నికాన్ మొదటి జెడ్6, కానన్ ఆర్‌పీ అలాంటివే. ఎప్పుడైనా కొంటే అది చూసి కొనండి.

కార్డులు కంపెనీ అధీకృత డీలర్ దగ్గర, బిల్లుతో కొనండి. కొన్న రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో నిండా పరీక్షించండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. కార్డు మీద వీ30, వీ60, వీ90 అని ఉండేవి తగ్గకుండా రాసే వేగం, సెకనుకు అన్ని ఎంబీలని అర్థం. డీ750 యూహెచ్‌ఎస్-1 అనే కార్డు తరగతి వేగానికి మించి వెళ్లదు, కాబట్టి షాపువాడు ఎంత చెప్పినా వీ90 మీకు దండగ. మంచి వీ30 చాలు.

నిజానికి ఫొటోలు పోయేది ఎక్కువగా పెళ్లి జరిగే చోట కాదు, పెళ్లయ్యాక. అప్పగింతలు అయిపోయి, షామియానా వాళ్లు గుంజలు పీకుతుంటే, మన కుర్రాళ్లు మూడేసి కుర్చీలు కలిపి పడుకుని ఉంటే, మనకేమో ఎప్పుడు ఇంటికెళ్తామా అని ఉంటుంది. ఆ గంటలో చేతులు వాటంతటవే ఏ పని చేస్తాయో అలవాటు చేయాలి. నాకు నడుముకు దారంతో కట్టుకునే చిన్న జిప్పు సంచి ఉంది. ఖాళీ కార్డు పేరు పైకి కనిపించేలా, నిండిన కార్డు లాక్ దించి బోర్లా. బోర్లా ఉన్నదాన్ని ఇంటికెళ్లేదాకా ఎవరూ ముట్టుకోరు, నేను కూడా. కెమెరా బ్యాగు డిక్కీలో ఉన్నా ఆ సంచి మాత్రం నా ఒంటి మీదే.

ఇంటికొచ్చాక పడుకునే ముందే కాపీ. కట్ కాదు, కాపీ. టెరాకాపీ లాంటి ప్రోగ్రాంలో వెరిఫై పెడితే, అటు చేరిన ఫైలు ఇటు ఉన్నదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయిందో లేదో అదే చూసి చెబుతుంది. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ చెప్పిన 3-2-1 లెక్క ఒకటుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. మన ఊళ్ల నెట్ స్పీడుకు రెండు వేల రా ఫైళ్లు క్లౌడ్‌లోకి ఎక్కించడమంటే పెళ్లికూతురు సీమంతం నాటికి అవుతుంది. కాబట్టి ల్యాప్‌టాప్‌లో ఒకటి, పోర్టబుల్ డిస్క్‌లో ఒకటి, ఆ డిస్క్‌కు జతగా ఇంకోటి మీ బావమరిది ఇంట్లోనో అక్క ఇంట్లోనో బీరువాలో. గోదావరికి వరద వచ్చే ఊరైతే మేడ ఉన్న ఇల్లు చూసుకోండి. మూడూ అయ్యేదాకా కార్డును ఫార్మాట్ చేయొద్దు. చేసినా కెమెరాలోనే, తర్వాతి పెళ్లికి బయల్దేరే ముందే.

రా ఫైళ్లు ఇవ్వాలా అన్నారు. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 17 ఉంది. ఎవరైనా డబ్బిచ్చి ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, ఆ ఫొటోకు మొదటి హక్కుదారు తీయించుకున్నవాళ్లే. మన వాళ్లలో చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి నమ్ముతారు. మీ ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పెళ్లికూతురి ఫొటో పెట్టాలన్నా వాళ్ల అనుమతి కాగితం మీద ఉండాలి. రా ఇవ్వాలా వద్దా, ఎన్ని ఫొటోలు, ఎన్ని షీట్లు, ఎన్నాళ్లు దాచి ఉంచుతారు, ఇవన్నీ అడ్వాన్స్ తీసుకునే రోజే తెలుగులో ఒక పేజీ రాసి ఇద్దరూ సంతకం పెట్టుకోండి. అడ్వాన్స్ రసీదు వెనకే రాసినా సరే.

ఎడిట్ చేయని ఫొటో బయటికెళ్తే పేరు పోతుందని కొందరు రా ఇవ్వరు. నేను ఇస్తాను. హార్డ్ డిస్క్ మీరే కొనుక్కొచ్చి ఇవ్వండని చెప్పి, అడిగిన వాళ్లకు అంతా ఎక్కించి ఇచ్చేస్తాను. నాకు ఖర్చు లేకుండా ఇంకో కాపీ ఇంకో ఇంట్లో చేరుతుంది. రెండేళ్ల కిందట నా డిస్క్ ఒకటి చచ్చిపోతే, కాకినాడలో ఒక ఇంటికెళ్లి వాళ్ల పెళ్లిని వాళ్ల దగ్గరే తిరిగి కాపీ చేసుకున్నాను. కాఫీ కూడా ఇచ్చారు.

మీ పెళ్లివారికి కూడా ఉన్న వెయ్యి రా ఫైళ్లు ఇచ్చేయండి. ఈ పరిస్థితిలో ఇవ్వననడం బాగుండదు.

ఇవాళ రాత్రే ఇమేజ్ తీసి ఫొటోరెక్ పెట్టండి. పొద్దున్న లేచి అది ఎన్ని ఎన్‌ఈఎఫ్ ఫైళ్లు తేల్చిందో చూడండి. 1,500 దాటితే ఆ డిస్క్ చంకన పెట్టుకుని వెళ్లొచ్చు. వెయ్యి దగ్గరే ఆగిందా, ఇంకో సాఫ్ట్‌వేర్ కోసం వెతుకుతూ ఇంకో రోజు పోగొట్టుకోకండి. స్నానం చేసి, వీడియోవాళ్లకు ఫోన్ చేసి, పది గంటలకల్లా పెళ్లివారింటి అరుగు మీద ఉండండి.